దండెం అడుగు

పోయిన ఆదివారం చేవెళ్లలో ఒక ఫంక్షన్ హాలులో మా మనవరాలు మేఘనకు కరాటే పోటీలు ఉంటే, మా అబ్బాయి నన్ను కూడా కారులో ఎక్కించుకుని పోయాడు. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని ఏం చేస్తానని. పెళ్ళిళ్ళప్పుడు బంతి కుర్చీలు వేసే చోట నీలం, ఎరుపు చాపలు పరిచి, పిల్లలను ఇద్దరిద్దరిగా ఎదురెదురు నిలబెట్టారు. చేతులకు మెత్తటి తొడుగులు, నోట్లో ప్లాస్టిక్ ముక్క. ఒకరు తాకగానే జెండా లేస్తుంది. తాకినవారు గట్టిగా అరిచి వెనక్కి గంతేస్తారు. మేఘన మూడుసార్లు తాకింది, మూడుసార్లూ అరిచింది, మెడలో మెడల్‌తో వచ్చింది. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఆ అరుపు వినబడినప్పుడల్లా మోకాలి మీద ఉన్న నా కుడిచెయ్యి దానంతట అదే బిగుసుకుంటూ ఉంది. పక్కన కూర్చున్నవాళ్ళు చూడకుండా దాన్ని ఎడమచేత్తో కప్పుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కటా అనే అంశం ఉంది. ఎదుట ఎవరూ లేకుండా ఒక్కరే నిలబడి, పెద్దవాళ్ళు ఏనాడో కూర్చిన అడుగులను వరసగా వేసి చూపించడం. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. మేఘన అడుగుల్లో ఒకచోట కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులూ తలపైకి అడ్డంగా ఎత్తి ఒక క్షణం ఆగింది. బయటికి వచ్చాక వాళ్ళ సారును అడిగింది. "సార్, గా చేతులు పైకి పెట్టుడు దేనికి సార్? అట్ల పెడితె కడుపుల తంతరు గద." ఆ సారు కుర్రవాడు, మంచివాడే. "గదంతే ఉంటది బిడ్డా. పాతకాలంది. జర సాఫ్‌గ చేస్తె జడ్జీలు చూస్తరు. మనకు మెడల్ ఫైట్లనే ఒస్తది, వచ్చేసారి కటా ఇడిచిపెడదాం" అన్నాడు. పిల్ల తల ఊపింది. తిరిగి వస్తుంటే మొయినాబాదు దాటేసరికి, చిల్కూరు పోయే మలుపు దగ్గర గుడికి పోయే బండ్లన్నీ ఆగి ఉన్నాయి. మేము కూడా ఆగాం. ఆ కారులో కూర్చుని, తలపైకి చేతులెత్తి నిలబడిన వేరొక మనిషిని మనసులో చూస్తూ ఉన్నాను. ఆ కుర్ర సారు చెప్పింది తప్పని అనను. ఆ వయసులో నేనూ అదే మాట అన్నాను. నా మాటకు మాత్రం ఒకరి చెయ్యి పోయింది.

నా చిన్నతనంలో మొయినాబాదులో మా ఇంట్లో పొయ్యికి పైన, పొగ తగిలేచోట రెండు మూడు వెదురు కర్రలు ఎప్పుడూ వేలాడుతుండేవి. "అందరి ఇండ్లల్ల పొయ్యి మీద మిరపకాయలు ఎండుతయి, నా ఇంట్ల కట్టెలు ఎండుతయి" అని మా అమ్మ, అంటే మా మాటలో అవ్వ, రోజూ సణిగేది. సణుగుతూనే వాటి కింద జొన్నరొట్టె కొట్టేది. సాయంత్రం బావి దగ్గరినుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక, మా నాన్న, బాపు, ఒక కర్రను దింపి ఒళ్ళో పెట్టుకునేవాడు. ఆముదంలో బొటనవేలు ముంచి, ఈ కొన నుంచి ఆ కొనదాకా, కణుపు కణుపు దగ్గర ఆగుతూ రుద్దేవాడు. అప్పుడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. బాపుకు కర్రసాము రాదు. అదంతా నా కోసం. నాకోసం అని కూడా కాదు, కాంపౌండర్ సారు చెప్పాడని. పొగ, ఆముదం, కాలుతున్న రొట్టె కలిసిన ఆ వాసన ఇప్పుడు ఎక్కడా రాదు. వచ్చినా నాకు సంతోషం కలుగుతుందని చెప్పలేను.

కాంపౌండర్ సారు పేరు సామ్యేలు. రోడ్డు పక్కన సున్నం వేసిన పెంకుటిల్లు, అదే మిషన్ వాళ్ళ దవాఖాన. డాక్టరమ్మ వారానికి ఒకసారి పట్నం నుంచి వచ్చేది. తక్కిన రోజులన్నీ ఆయనే. సముద్రం వైపు జిల్లాలవాడు, నేను పుట్టకముందే ఇక్కడికి వచ్చాడు. సన్నటి మనిషి, ఎంత ఎండలోనైనా చొక్కా మెడ గుండీ పెట్టుకునేవాడు. అన్నం ముందు కూర్చుంటే కళ్ళు మూసుకుని ఒక ముక్క ప్రార్థన చేసేవాడు. కర్ర పట్టుకునే ముందు కూడా అంతే ప్రార్థన. మా అవ్వకు విషజ్వరం వచ్చినప్పుడు మూడు రోజులు పొద్దున, సాయంత్రం సైకిలు మీద వచ్చి చూశాడు. ఆయన వెళ్ళిపోయాక కూడా ఇంట్లో కార్బాలిక్ సబ్బు వాసన కొంతసేపు ఉండేది. ఆయన మాట మాకు నవ్వులాట. "ఏంట్రా అబ్బాయ్" అని ఆయన అంటే, వెనకనుంచి మేము "ఏంట్రా అబ్బాయ్" అని సాగదీసేవాళ్ళం. విన్నా విననట్టే ఉండేవాడు.

సాయంత్రాలు దవాఖాన వెనక ఖాళీ జాగాలో మాకు కర్ర నేర్పేవాడు. ఐదారుగురం ఉండేవాళ్ళం. నాకు జోడీ ప్రభుదాసు, చర్చి పక్క ఇళ్ళవాడు, ఒకే బెంచీలో కూర్చున్నవాళ్ళం. సారు నేర్పింది ఒకే ఒక్క వరస, పన్నెండడుగులు. రోజూ అవే పన్నెండు. వాళ్ళ నాన్న ఆయనకు నేర్పినవి. అందులో తొమ్మిదో అడుగు దగ్గరే మా గోలంతా. కాళ్ళు బాగా ఎడంగా వేసి, నేల మీద ఏదో ఉన్నట్టు దాని మీద నిలబడి, కర్రను రెండు చేతులా తలపైన అడ్డంగా పట్టుకుని మూడు ఊపిర్లు ఆగాలి. డొక్కలు, భుజం, అంతా బయటే. ఆయన ఆ అడుగు వేసేటప్పుడు నన్ను తన కుడిపక్కన, అర అడుగు వెనక నిలబెట్టుకునేవాడు. కర్ర నిలువుగా పట్టుకుని నేను ఊరికే నిలబడాలి. "నువ్వు కదలకు. నీ పని అక్కడ ఉండడమే" అనేవాడు.

"సారు దండెం కడుతున్నడురా" అన్నాడు ప్రభుదాసు ఒకరోజు. "ఉతికిన బట్టలు తేవాల్నా సారూ?" అన్నాను నేను. అందరం నవ్వాం. ఆనాటినుంచి అది మాకు దండెం అడుగు.

"ఎందుకు సారూ గిట్ల నిలబడుడు? కొట్టేటోడు కొట్టి పోతడు గద" అని నేనే ఇంకోసారి అడిగాను.

"మా లంక భూముల్లో కొట్లాటలు ఎక్కువరా. ఇద్దరు వెళ్తే ఇద్దరూ తిరిగి రావాలి, అంతే లెక్క" అన్నాడు. అంతకంటే చెప్పలేదు. నేను అడగలేదు. నా మనసు అప్పటికే వేరేచోట ఉంది.

బడికి పట్నం నుంచి కొత్త డ్రిల్లు మాస్టారు వచ్చాడు. మేము కర్ర తిప్పుతామని తెలిసి, సున్నంతో గిరి గీసి జోడీల ఆట పెట్టాడు. కర్ర కొనకు గుడ్డ చుట్టి జాజులో ముంచాలి. ఎదుటివాడి బనీను మీద ఎర్ర మచ్చ పడితే ఒక పాయింటు. కొట్టినవాడు తనే గట్టిగా "ఒక్కటి", "రెండు" అని చెప్పి, వెంటనే గిరి బయటికి గంతెయ్యాలి. బయటికి వెళ్ళినవాణ్ణి తిరిగి కొడితే లెక్కలోకి రాదు. ఐదు మచ్చలకు ఆట అయిపోతుంది. నాకు ఆ ఆట చేతిలోకి వచ్చేసింది. ఎదుటివాడి చెయ్యి కాస్త లేస్తే చాలు, చూడకముందే నా కర్ర అక్కడికి పోయేది, నోరు దానంతట అదే లెక్క చెప్పేది. ఎక్కువగా మచ్చలు పడింది ప్రభుదాసు బనీన్లకే. "మా అమ్మ ఉతకలేక సస్తున్నదిరా, జర తక్కువ కొట్టు" అనేవాడు. సారు దగ్గరికి వెళ్ళడం తగ్గింది, తర్వాత పోయింది. ఊళ్ళన్నీ కలిపి పెట్టిన పోటీలో ముడిమ్యాల కుర్రవాణ్ణి ఓడించి స్టీలు గ్లాసు తెచ్చుకున్నాను. ఆ పోటీకి సారు వచ్చాడు. అయిపోయాక నా దగ్గరికి వచ్చి, "బాగా ఆడావు" అన్నాడు. కొంచెం ఆగి, "అంత పెద్ద గిరిలో నువ్వొక్కడివే ఉన్నావురా" అన్నాడు. ఈర్ష్య అనుకున్నాను. ఇంటికి వచ్చి ఆ గ్లాసులోనే మజ్జిగ తాగాను.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం మొదలయ్యేనాటికి నేను పట్నంలో కాలేజీలో చేరి ఉన్నాను. కాలేజీలు మూతపడితే ఇంటికి వచ్చాను. ఆ ఉద్యమం మీద నాకు అప్పుడూ ఇప్పుడూ ఫిర్యాదు లేదు. మాకు రావలసిన ఉద్యోగాల మాట నిజమే, మా కోపమూ నిజమే. అయితే నేను చేసింది ఉద్యమం చెయ్యమంటే చేసింది కాదు. చెయ్యి నాది. బస్టాండు దగ్గర గోడ కింద ఇరవై మందిమి కూర్చుని ఉండగా, పట్నం నుంచి వచ్చిన ఒక విద్యార్థి అడిగాడు.

"మీ ఊర్ల ఆంధ్రోళ్ళు ఎవరున్నరే?"

"దవాఖానల కాంపౌండర్" అన్నారెవరో.

"గాయన మంచోడన్నా. మా ఇండ్లల్ల పురుళ్ళన్నీ ఆయన చేతిమీదనే" అన్నాడు ప్రభుదాసు.

"మంచోడైతె వాళ్ళ ఊరికి పోయి మంచోడుంటడు" అన్నాడతను. నవ్వులు. "కర్ర తిప్పుతడంట గద, ఆయన?"

అప్పుడు నేను మాట్లాడకుండా ఉంటే సరిపోయేది. "తిప్పనియ్యండి. ఆయన తిప్పుడు నాకు ఎరుకే. నేను చూస్కుంట" అన్నాను. అందరూ నా వైపు చూశారు. బాగానే అనిపించింది. ఇంటికి వెళ్ళి పొయ్యి మీది కర్ర దింపాను. అవ్వ చేనులో ఉంది. బాపు రుద్దిన ఆముదం ఇంకా చేతికి అంటుతూనే ఉంది.

ముఖాలకు రుమాళ్ళు కట్టుకుని మధ్యాహ్నం వెళ్ళాం. దవాఖాన అరుగు మీద ఆడవాళ్ళు నలుగురైదుగురు మందుకోసం ఖాళీ సీసాలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లోపలికి వెళ్ళారు. ముందు నినాదాలు, తర్వాత ఒక రాయి, తర్వాత చాలా రాళ్ళు. పెంకులు పగులుతున్నాయి. ప్రభుదాసు గేటు ఎక్కాడు. ఎందుకు ఎక్కాడో నాకు తెలియదు. దానికి ఒకవైపు మడతబందు లేదు, తీగతో కట్టి ఉండేది. తీగ తెగి, గేటు వాణ్ణి మీదేసుకుని లోపలికి పడింది. వాడి కాలు ఇనప కమ్మీల మధ్య ఇరుక్కుంది. వెనకవాళ్ళకు అది కనబడదు. వాళ్ళు తోసుకుంటూ వస్తున్నారు, రాళ్ళు పడుతూనే ఉన్నాయి.

అప్పుడు సారు బయటికి వచ్చాడు. చేతిలో కర్ర. మమ్మల్ని కొట్టడానికి వచ్చాడనే అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఆయన మావైపు చూడనే లేదు. నేరుగా వచ్చి, ప్రభుదాసుకు ఇటొక కాలు అటొక కాలు వేసి, కర్రను రెండు చేతులా తలపైన అడ్డంగా ఎత్తి నిలబడ్డాడు. రాళ్ళు కర్రకు తగిలి పక్కకు పోతున్నాయి, కొన్ని ఆయనకే తగులుతున్నాయి. ఆయన కుడిపక్కన అర అడుగు వెనక చోటు ఖాళీగా ఉంది.

ఆ చోటును నేను చూశాను. చూడలేదని చెప్పుకుంటే ఇన్నేళ్ళూ కొంత తేలికగా గడిచేవి. చూశాను, గుర్తు కూడా పట్టాను. చేతులు లేచి ఉన్నాయి, భుజం బయట ఉంది. నా కర్ర అక్కడికి పోయింది. కొనకు ఈసారి గుడ్డ లేదు. ఎండిన కందికట్టె విరిచినట్టు చప్పుడైంది. "ఒక్కటి" అన్నాను, గట్టిగా, ఎప్పటిలాగే. అని వెనక్కి గంతేశాను. అక్కడ గిరి లేదు. ఉన్నట్టే గంతేశాను.

సారు కుడిచెయ్యి కిందికి జారింది. కర్ర ఎడమచేతిలోనే తలపైన ఉంది. ఆయన ఆ అడుగు తియ్యలేదు. నా వైపు తిరిగి చూశాడు. రుమాలు కట్టుకున్న ముఖంలో చూడడానికి ఏమీ లేదు. గొంతు ఆయన ముందే విన్నాడు. ప్రభుదాసు కాలు లాక్కుని, ఆయన కాళ్ళ మధ్యనుంచి పాకి అరుగు మీదికి చేరాడు. సారు అంతవరకూ నిలబడి, అప్పుడు నేల మీద కూర్చున్నాడు. రాళ్ళు ఆగిపోయాయి. ఎవరూ ఆపమనలేదు, అవే ఆగాయి. మేము వెళ్ళిపోయాం.

సాయంత్రం బాపు బావి దగ్గరినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పళ్ళెం ముందు కూర్చున్నాడు. "కాంపౌండర్ సారును ఎవడో కొట్టిండంట. భుజం బొక్క ఇరిగిందంట. కొట్టినోని చేతులు పడిపోను" అన్నాడు. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను ఇంకో రొట్టె అడిగాను. అవ్వ వేసింది. తిన్నాను. తిన్న తర్వాత బాపు లేచి, పొయ్యి మీద నేను తిరిగి వేలాడదీసిన కర్రను దింపి, రోజులాగే ఆముదం పట్టాడు.

సారు ఊరు విడిచి పోలేదు. కొన్ని వారాలకు నాకు జ్వరం వస్తే అవ్వ నన్ను అక్కడికే తీసుకుపోయింది. రానంటే ఎందుకో చెప్పాలి, అందుకని వెళ్ళాను. గేటును కొత్త తీగతో కట్టారు. ఆయన అన్నీ ఎడమచేత్తో చేస్తున్నాడు. సీసాలో ఎర్రమందు పోయాలి, ఎంతెంత తాగాలో గుర్తుకు కత్తిరించిన కాగితం పట్టీ సీసాకు అంటించాలి. ఒక చేత్తో సీసా నిలవడం లేదు.

"ఇటు పక్కకి రా. సీసా పట్టుకో. కదలకు" అన్నాడు నాతో.

కుడిపక్కకు వెళ్ళి, కొంచెం వెనకగా నిలబడి పట్టుకున్నాను.

"చెయ్యి జర నయమైందా సారూ?" అని అవ్వ అడిగింది.

"తగ్గుతుందమ్మా. పైకి లేవదంతే."

"ఎవడో గాని, వాడు..." అని అవ్వ మొదలుపెట్టింది.

"వద్దమ్మా. వాడు మందు పట్టుకున్నాడు, తొణుకుతుంది" అన్నాడు.

ఆయన మందు పోశాడు, పట్టీ అంటించాడు, మూడు పూటలా తాగమన్నాడు. మూడు పూటలా తాగాను. జ్వరం తగ్గింది. నేను చెప్పవలసిన మాట ఆ గదిలో చెప్పవలసింది. ఆయన నన్ను నిలబెట్టి మరీ చోటు చూపించాడు. సీసా పట్టుకున్నాను కదా, అంతటితో సరిపోయిందనుకున్నాను. కొన్నేళ్ళకు ఆయన పనిలోంచి దిగి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. చిరునామా మా ఇంట్లో క్యాలెండరు వెనక రాసి ఉండేది. ఏడాది మారితే బాపు దాన్ని కొత్త క్యాలెండరు వెనక మళ్ళీ రాసేవాడు. నేను ఉత్తరం రాయలేదు. ఆయన పోయాడని విన్నప్పుడు కూడా రాయలేదు.

ప్రభుదాసు బడిపంతులయ్యాడు, ఆ ఊళ్ళోనే ఉండిపోయాడు. పెళ్ళిలోనైనా, చావులోనైనా, నలుగురు కూడితే ఆ కథ చెప్పేవాడు. నా పక్కన కూర్చునే చెప్పేవాడు. సారును లోపలికి పొమ్మని చెప్పడానికే గేటు ఎక్కానని, తీగ తెగిందని, సారు రెండు కాళ్ళ మధ్య తనకు ఆకాశం కర్రంత కనబడిందని. "దండెం అడుగని నవ్వినం గాదురా? ఆ దండెం కిందనే బతికిన" అని నా తొడ మీద చరిచేవాడు. ఎవడో రుమాలు కట్టుకున్నవాడు కొట్టాడని కూడా చెప్పేవాడు. నా కర్రతో వాడు ఎన్ని వందల మచ్చలు తిన్నాడో, ఎన్ని వందలసార్లు నా గొంతులో ఆ లెక్క విన్నాడో లెక్కలేదు. అయినా ఆ కథలో అన్నీ ఉండేవి, ఆ "ఒక్కటి" మాత్రం ఎప్పుడూ ఉండేది కాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా లేదు. మొన్న వానాకాలంలో వాడు పోయాడు. చర్చి వెనక మట్టి తడిగా ఉంది. అందరితోపాటు నేనూ గుప్పెడు మట్టి వేసి, చేతులు కడుక్కుని వచ్చాను. ఏడుపు రాలేదు.

ఆ ఆదివారం సాయంత్రం ఇల్లు చేరాక, మెడల్‌ను టీవీ పక్కన మేకుకు తగిలించి, మేఘన హాల్లో ఆ అడుగులు మళ్ళీ వేస్తూ ఉంది. చేతులు తలపైకెత్తేచోట ఆగి, "తాతా, గిది నిజంగనే వేస్టా?" అని అడిగింది. కాదని చెప్పాను. అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఎవరికీ చెప్పనిది ఆ పిల్లకు మొత్తం చెప్పాను. గేటు, రాళ్ళు, సారు, కాళ్ళ కింద ప్రభుదాసు, నా కర్ర. పన్నెండేళ్ళ పిల్లకు చెప్పవలసిన సంగతేనా అంటే, కాకపోవచ్చు. చెప్పవలసినవాళ్ళు ఇద్దరూ లేరు. వంటింట్లో కుక్కర్ కూత పెడుతూ ఉంది. పిల్ల అడ్డం రాకుండా విన్నది.

"సారీ చెప్పినవా తాతా?"

"లేదు."

"ఆయనకు ఎర్కేనా, నువ్వే అని?"

"ఎర్కే."

మళ్ళీ కాళ్ళు ఎడంగా వేసి, చేతులు పైకెత్తి నిలబడింది. నిలబడే, తల తిప్పి తన కుడిపక్కన నేలవైపు చూసింది.

"మరి ఇక్కడ ఎవరుండాలె?"

"నేను" అన్నాను.

చేతులు దించకుండా, నేను లేస్తానేమోనని చూస్తూ ఉంది.